హైదరాబాద్‌లో వసంతం ఎప్పుడొస్తుంది? పాపకు ఏ చెట్టు చూపించాలి?

ముందు మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుంటాను అమ్మా, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కదా. పాప రెండో తరగతి. స్కూల్లో ‘స్ప్రింగ్’ మీద ప్రాజెక్టు ఇచ్చారు, ఫిబ్రవరి నెలాఖరుకు ఇచ్చెయ్యాలి. పుస్తకంలో మంచు కరిగి, పచ్చగడ్డిలోంచి తులిప్ పూలు లేచిన బొమ్మ ఉంది. మీరు కొండాపూర్‌లో ఉంటారు. “ఇక్కడ చలి పోతే నేరుగా ఎండలే కదా, మధ్యలో వసంతం ఎక్కడుంది? ఉంటే పాపను ఎప్పుడు, ఎక్కడికి తీసుకెళ్లి చూపించాలి?” అని అడిగారు. ఇప్పుడు ఫిబ్రవరి మొదటి వారం.

వసంతం ఉంది. మీ అపార్టుమెంటు గేటు బయటే ఇప్పటికే మొదలై ఉంటుంది. మీరు బొమ్మలో ఉన్నట్టు నేల మీద వెతుకుతున్నారు, అందుకే కనిపించడం లేదు.

నేను జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇల్లు తార్నాకలో, పొద్దున నడక ఉస్మానియా క్యాంపస్‌లో. పాతికేళ్లుగా ఒక అలవాటుంది. ఏ చెట్టు ఏ రోజు మొదటి పువ్వు పూసిందో, ఏ రోజు చిగురు పెట్టిందో గోడ మీది క్యాలెండర్లోనే రాసేస్తాను. అదే క్యాలెండర్లో మా ఆవిడ పాల లెక్క రాస్తుంది. ఒక నెల ‘బూరుగ 1’ అన్నది ఆమెకు ‘బాకీ 1’లా కనిపించి పాలబ్బాయితో పెద్ద పంచాయితీ అయింది. అప్పటి నుంచి నాకు వేరే క్యాలెండర్ కొనిపెడుతోంది. ఆ క్యాలెండర్ల ధైర్యంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ఆ బొమ్మలోని దేశాల్లో చలికాలం నేల గడ్డకట్టుకుపోతుంది. మొక్క ఎదురుచూసేది వెచ్చదనం కోసం. కాస్త వేడి తగలగానే నేలలో దాక్కున్న దుంపలు మొలకెత్తుతాయి, గడ్డిలోంచి పూలు లేస్తాయి. అందుకే వాళ్ల వసంతం కాళ్ల దగ్గర మొదలవుతుంది. మన దగ్గర ఏ చెట్టూ వేడి కోసం ఎదురుచూడదు. జనవరిలో కూడా మధ్యాహ్నం స్వెట్టర్ విప్పేస్తాం. మనకు కరువయ్యేది నీళ్లు. అక్టోబరులో వానలు వెనక్కి తగ్గాక జూన్ దాకా గట్టి వాన ఉండదు. ఎప్పుడైనా మార్చిలో ఒక వడగళ్ల వాన పడితే పడినట్టు, అది కూడా మామిడి రైతును ఏడిపించడానికే.

కాబట్టి మనకు పూల కాలాలు రెండు. వానలు కురిసి తగ్గాక నేల పూస్తుంది: తంగేడు, గునుగు, కట్ల, గుట్టల మీద పేరు తెలియని గడ్డిపూలు. దానికి మనం బతుకమ్మ చేసుకుంటాం. ఆ తర్వాత నేల ఎండి పగుళ్లు వచ్చే వేళకు చెట్లు పూస్తాయి. దానికి హోలీ ఉంది, ఉగాది ఉంది. మీ పాప చూడాల్సింది ఈ రెండోదాన్ని. తలెత్తి చూడమని చెప్పండి, సగం ప్రాజెక్టు అయిపోయినట్టే.

ఇక ‘ఎప్పుడు’ అన్నదానికి ఒక తేదీ చెప్పలేను. పంచాంగం ప్రకారం మాఘ ఫాల్గుణాలు శిశిరం, చైత్ర వైశాఖాలు వసంతం. అంటే ఉగాది నాడు వసంతం మొదలు. పుస్తకంలో ఇది చదివి నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటర్ పిల్లలను మోదుగ పూలు చూపిస్తానని ఉగాది దాటిన మర్నాడు మెదక్ వైపున్న నర్సాపూర్ అడవికి తీసుకెళ్లాను. ఆ ఏడు ఉగాది ఏప్రిల్లో వచ్చింది. బస్సు దిగి చూస్తే ఏముంది, చెట్ల నిండా లేత ఆకు, కొమ్మలకు చదునైన కాయలు వేలాడుతున్నాయి, కింద ఎండి నల్లబడిన పూల చెత్త. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన బీడీ ఆర్పి, “పండుగ జూసుకొని వస్తే పువ్వు ఆగుతదా సారూ?” అన్నాడు. ఎం.ఎస్సీలో ఎవరూ చెప్పని పాఠం అది.

దాని వెనక ఉన్న లెక్క చిన్నదే. మన నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి ఉగాది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, అధిక మాసం పడగానే మళ్లీ వెనక్కి వస్తుంది. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. చెట్టు లెక్క మాత్రం సూర్యుడితో, నేలలో మిగిలిన తేమతో. డిసెంబరు 21, 22 తేదీల తర్వాత పగలు రోజుకు కొంచెం కొంచెం పొడుగవుతుంది. మన హైదరాబాద్‌లో అతి పొట్టి పగటికీ అతి పొడుగు పగటికీ తేడా రెండు గంటలే, అయినా ఆ కొద్దిపాటి తేడాను చాలా చెట్లు పసిగడతాయి. మనకు వసంతమంటే డిసెంబరు చివర మామిడి పూతతో మొదలై మే నెల గుల్‌మొహర్ దాకా ఒక చెట్టు ఇంకో చెట్టుకు అందించుకుంటూ పోయే వరస. ఒక్కో చెట్టుకు పది పదిహేను రోజుల వంతు. వారం ఊరెళ్లి వస్తే ఒకరి వంతు అయిపోయి ఉంటుంది.

అసలు తమాషా ఏమిటంటే ఆ వరసలో చాలా చెట్ల వంతు పువ్వుతో కాదు, ఆకు రాలడంతో మొదలవుతుంది. పాపకు దీన్ని తప్పకుండా చెప్పండి. ఆకు అంటే చెట్టు నీళ్లు ఆవిరైపోయే కిటికీ లాంటిది. నీళ్లు తగ్గే కాలంలో చెట్టు కిటికీలన్నీ మూసేసినట్టు ఆకులు రాల్చేస్తుంది. అప్పుడు వేళ్లు తీసుకున్న కాసిన్ని నీళ్లు కాండంలో, కొమ్మల్లో నిలుస్తాయి. ఆ నిలవతోనే పువ్వు. ఆకు అడ్డం లేకపోవడం వల్ల ఆ పువ్వు పిట్టకు, తేనెటీగకు దూరం నుంచే కనిపిస్తుంది. కాయ ముదిరి విత్తనం రాలే సమయానికి తొలకరి దగ్గరపడుతుంది. ఎండలో పూయడం మనకు వింతగా ఉంటుంది కానీ, వానకు విత్తనం సిద్ధంగా ఉండాలంటే చెట్టుకు వేరే దారి లేదు. అన్ని చెట్లకూ ఇదే సూత్రం అని కాదు, కానీ మన దక్కన్ గుట్టల మీది చెట్లలో చాలావాటికి ఇదే.

అందుకే ఫిబ్రవరిలో మోడుగా ఉన్న చెట్టును చూపించి “ఇది చచ్చిపోయింది, కొట్టేద్దాం” అని ఎవరైనా అంటే దయచేసి ఆపండి. మా పక్క వీధిలో అలా ఒక కానుగకు మూడింది. మార్చి దాకా ఆగి ఉంటే తళతళా మెరిసేది.

ఈ రెండు వారాల్లో ఆకు రంగుకైతే మీకు బాదం చెట్టు చాలు. గోళీలాటలో గెలిచిన బాదంకాయలు చితక్కొట్టుకుని తిన్న తరం మాది, ఆ బాదం. జనవరి, ఫిబ్రవరిలో ఆకులు రాలే ముందు ఎర్రగా, రాగి రంగులోకి మారతాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ‘ఫాల్ కలర్స్’ అని ఫోటోలు పెడుతుంటారే, అదే రంగు మీ పార్కింగ్ పక్కన ఉచితంగా. పెద్ద ఆకు కాబట్టి పాప నోటు పుస్తకంలో ఒకటే పట్టొచ్చు.

ఇప్పుడు బూరుగ. నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. హైదరాబాద్‌లో వసంతానికి ఒక్క చెట్టును ఎంచుకోమంటే బూరుగనే అంటాను. జనవరి చివర నుంచి మార్చి మొదలు దాకా ఎప్పుడైనా పూస్తుంది. పెద్ద చెట్టు, గుండ్రటి మేకుల్లాంటి ముళ్లు మాను నిండా, కొమ్మలు గొడుగు కమ్మీల్లా అడ్డంగా చాచుకుని ఉంటాయి. ఒక్క ఆకు ఉండదు. ఆ కొమ్మల మీద పాప అరచేతికన్నా పెద్దవి, అయిదు రేకుల ఎర్రటి పూలు. రేకు మందంగా, తడిగా, తోలులా ఉంటుంది. అది రాలేటప్పుడు రేకులు విడిపోయి తేలుతూ రాదు, పువ్వు పువ్వంతా ‘టప్’ మని పడుతుంది. చెట్టు కింద నిలబడి ఆ చప్పుడు వినడం పిల్లలకు భలే ఇష్టం. నెత్తిన పడితే ఇంకా ఇష్టం.

బూరుగ చెట్టు పూసిన రోజుల్లో పొద్దున ఏడు గంటలకు దాని కింద ఒక అరగంట కూర్చోండి. గిన్నెలా ఉండే ఆ పువ్వులో తేనె ఊరి ఉంటుంది. కాకులు, గోరింకలు, బుల్బుల్ పిట్టలు, చిన్న తేనెపిట్టలు, ఉడుతలు అన్నీ అక్కడే. చలికాలం గడపడానికి మన వైపు గుంపులుగా వచ్చే గులాబీ రంగు గోరింకలు కూడా వెనక్కి వెళ్లేముందు ఈ చెట్ల మీద వాలతాయి. ఎర్ర పువ్వుకు వాసన పెద్దగా ఉండదు గమనించండి. పిట్టలకు వాసనతో పని తక్కువ, రంగు కనిపిస్తే చాలు. రాత్రి పూసే తెల్లపూలకేమో వాసన కావాలి, చీకట్లో వచ్చే పురుగుకు దారి తెలియాలి కదా. రెండో తరగతి పిల్లకు ఈ ఒక్క ముక్క అర్థమైతే టీచరమ్మ ఆశ్చర్యపోతుంది.

ఇంకో సంగతి, ఇది వంటింటి నుంచి. మసాలా డబ్బాలో లవంగానికి అన్నయ్యలా ఉండే ‘మరాటీ మొగ్గ’ ఉంటుంది చూడండి, అది బూరుగదే. పాపకు ముందు డబ్బాలో చూపించి తర్వాత చెట్టు మీద చూపించండి. ఏప్రిల్ వచ్చేసరికి కాయ పగిలి దూది ఎగురుతుంది. పండు పండుతుందని కాచుకుని కూర్చున్న చిలుకకు చివరికి దూది మిగిలిందని పాత కథ ఒకటి ఉంది, అది ఈ చెట్టు మీదనే. ఆ దూది కార్ల మీద పడుతోందని మాకు దగ్గరి ఒక కాలనీలో రెండు నిండు బూరుగ చెట్లు కొట్టించారు. పదిహేను రోజుల దూదికి నలభై ఏళ్ల చెట్టు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, అందుకే ఇక్కడ కూడా రాశాను.

మీ కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఇప్పుడు రోడ్ల మధ్యన, ఆఫీసుల ముందు లేత గులాబీ రంగులో గుత్తులు గుత్తులుగా పూసే చెట్లున్నాయి. కారులో వెళ్తూ జనం ఆపి ఫోటోలు తీసేది వాటినే. నర్సరీవాళ్లు తబూబియా అంటారు. జనవరి చివర మొదలై మార్చి దాకా విడతలు విడతలుగా పూస్తుంది. వెనకే పసుపుది వస్తుంది, వంకర కొమ్మల చిన్న చెట్టు, పూసినప్పుడు ఒళ్లంతా పసుపు ముద్ద. అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఆ గులాబీది మధ్య అమెరికా చెట్టు, ఎల్ సాల్వడార్ దేశానికి జాతీయ వృక్షం. అలా చూసుకుంటే మన రోడ్ల మీది వసంతంలో చాలా భాగం పరదేశమే. గుల్‌మొహర్‌ది మడగాస్కర్, కాగితం పూలది బ్రెజిల్, దేవగన్నేరుది మెక్సికో వైపు, పొలం గట్ల మీద గులాబీ తెలుపులో పూసే గిరిపుష్పం కూడా అటుదే. మన గుళ్లలో పూజలందుకునే దేవగన్నేరు విదేశీయం అంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు. వచ్చి స్థిరపడ్డాక ఇంక ఏ ఊరని అడగడం ఈ ఊళ్లో పద్ధతి కాదు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లలో సగం మంది అలాంటివాళ్లమే. జకరాండా గురించి ఎవరైనా చెబితే మాత్రం నమ్మి వెళ్లకండి. ఇక్కడ అక్కడక్కడా ఉంది, బెంగళూరులో పూసినట్టు పూయదు.

అసలు మన చెట్టు, మన రాళ్ల మధ్య పుట్టిన చెట్టు చూడాలంటే మోదుగ. మా ఊళ్ల వైపు గోగుపూలు అని కూడా అంటారు. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా దీని వంతు. వంకర టింకర మాను, ఎవరూ తోటలో పెట్టుకోరు. మిగతా పదకొండు నెలలు దాని ముందు నుంచి వెళ్లినా పట్టించుకోం. ఆ నెల మాత్రం కొండ అంటుకున్నట్టు ఉంటుంది. మొగ్గ నల్లగా, గోధుమ రంగు మఖమల్ గుడ్డ చుట్టినట్టు ఉంటుంది, అందులోంచి నారింజ రంగు పువ్వు చిలుక ముక్కులా వంగి వస్తుంది. సంస్కృతంలో కింశుకం అన్నారు, ‘ఇదేమన్నా చిలుకా’ అని అర్థం. చదువు లేని అందగాణ్ణి వాసన లేని మోదుగ పువ్వుతో పోల్చిన పాత శ్లోకం ఒకటి మా తాతయ్య నా మార్కులు చూసినప్పుడల్లా చదివేవాడు. వాసన లేకపోవడం దాని లోపం కాదని, పిట్టల కోసం చేసిన ఏర్పాటని బాటనీ చదివాక తెలిసింది. అప్పటికి తాతయ్య లేడు.

ఆకు చూస్తే ఒక్కో కాడకు మూడు ముక్కలే. విస్తళ్లు కుట్టింది ఆ ఆకులతోనే. బెంగాల్లో 1757 యుద్ధం జరిగిన పలాశీ ఊరి పేరు కూడా ఈ చెట్టుదే, పలాశం అంటే మోదుగ.

పాపతో చేయించదగిన పని ఒకటుంది. కింద రాలిన మోదుగ పూలు రెండు దోసిళ్లు ఏరండి, కొమ్మ విరవద్దు. నీడలో ఆరబెట్టి రాత్రి నీళ్లలో నానబెట్టినా సరే, పొయ్యి మీద ఒక పావుగంట మరిగించినా సరే. పసుపు నారింజ రంగు దిగుతుంది. చిటికెడు తడి సున్నం పెద్దవాళ్లు కలిపితే రంగు ముదురుతుంది, పిల్ల చేతికి సున్నం ఇవ్వకండి. తెల్ల చేతిరుమాలు ముంచితే ప్రాజెక్టు పుస్తకంలో అతికించొచ్చు. మా ఊళ్లో హోలీకి ఇదే రంగు. స్టీలు గిన్నెలోనే మరిగించండి. నేను ఇంట్లో చెప్పకుండా పాలగిన్నె వాడాను, ఆ సంవత్సరం హోలీ నాకు రెండు రోజులు జరిగింది.

మోదుగ కోసం ఎక్కడికి? సిటీ మధ్యలో తక్కువ. వికారాబాద్ దారి పట్టండి. చేవెళ్ల దాటాక రోడ్డు పక్క పొలాల గట్ల మీద చూస్తూ వెళ్లొచ్చు, అనంతగిరి గుట్టల దాకా పోతే మరీ మంచిది. మూసీ పుట్టేది అక్కడే, పాపకు అదొక అదనపు పాఠం. నర్సాపూర్ వైపు కూడా బాగుంటుంది. రాళ్ల గుట్టల మీద ఆకుల్లేని సన్నటి కొమ్మల చివర అరచేయంత పసుపుపచ్చ పూలు కనిపిస్తే అది కొండగోగు. మోదుగను గోగు అనేవాళ్లు, దీన్ని కొండగోగు అనేవాళ్లు ఒకే ఊళ్లో ఉంటారు, పేర్లు విని కంగారు పడకండి. మన గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఆ బండ పగులులో వేళ్లు దూర్చి, ఎండలో అంత పువ్వు పూసే ఆ చెట్టును చూస్తే నాకు నోట మాట రాదు.

సిటీలోనే కావాలంటే మీకు దగ్గర కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది, మొదట అక్కడికే వెళ్లండి. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు 1998లో జాతీయ వనం అయింది, నాలుగు వందల ఎకరాలకు కాస్త తక్కువ. అక్కడ పువ్వుల ఆర్భాటం ఉండదు, కానీ కాంక్రీటు రాకముందు ఈ ఊరు ఎలా ఉండేదో తెలుస్తుంది. ఆకులు రాలిన ఈ రోజుల్లో పొదల వెనక నెమళ్లు కూడా బాగా కనిపిస్తాయి. సెంట్రల్ యూనివర్సిటీలో తెలిసినవాళ్లుంటే అడిగి వెళ్లండి, రాళ్లు, చెట్లు రెండూ ఉన్న చోటు. మా ఉస్మానియా క్యాంపస్‌లో మార్చిలో నెమలినార చెట్లు రూపాయి బిళ్లంత పల్చటి కాయలను గాలికి వదులుతాయి. పిల్లలు వాటి వెంట పరుగెత్తడం చూడాలి.

ఇక ఆకు సంగతి. నా మటుకు మార్చి నెల గొప్పదనం పువ్వులో లేదు, చిగురులో ఉంది. ఈ మాట చెబితే చాలామంది వింతగా చూస్తారు. రావి చెట్టు ఒక వారం బోసిగా ఉంటుంది. మర్నాడు కొమ్మల చివర గులాబీ, రాగి రంగు కలిసిన లేత ఆకులు, ఎండ వాటి గుండా దిగుతుంటే దీపాలు పెట్టినట్టు. లేత ఆకు ఎర్రగా ఉండటానికి కారణం అందులోని ఎర్ర రంగు పదార్థం. పచ్చదనం ఇంకా పట్టని పసి ఆకుకు అది ఎండ నుంచి కాపు. కానుగ అయితే పది రోజుల్లో పాత ఆకు రాల్చి నూనె రాసినట్టు మెరిసే లేత పచ్చ ఆకు తొడుగుతుంది. బయట 35 డిగ్రీల ఎండ, నేలలో చుక్క తడి లేదు, ఈ చెట్టు మాత్రం కొత్త బట్టలు కట్టుకుని నిలబడుతుంది. చింత చిగురు మార్కెట్‌కు వచ్చేదీ ఆ తర్వాతే, అందులో మాంసం వండుకునేవాళ్లకు నా వివరణ అక్కర్లేదు.

వేప కథ ఉగాదితో ముడిపడింది. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, ఎర్రటి చిగురు పెట్టి, ఆ వెంటనే తెల్లటి చిన్న పూల గుత్తులు వేస్తుంది. ఉగాది మార్చి మూడో వారంలో వచ్చిన ఏడు చాలా చెట్ల మీద మొగ్గలే ఉంటాయి, పచ్చడిలోకి పువ్వు కోసం నాలుగు వీధులు తిరగాలి. ఏప్రిల్లో వచ్చిన ఏడు పువ్వు రాలి నేలంతా పరుచుకుని ఉంటుంది, చీపురుతో ఎత్తొచ్చు. రాత్రి భోజనం అయ్యాక పూసిన వేప చెట్టు కింద నడిచి చూడండి. చేదు చెట్టుకు అంత తీపి వాసన ఎందుకో. మామిడి పూత మాత్రం అప్పటికి పిందె అయిపోయి ఉంటుంది. పచ్చడిలో పడే కాయ అదే.

చెవులకు కూడా కొంచెం పని చెప్పండి. చలికాలమంతా నోరు మెదపని కోకిల ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెడుతుంది. కూసేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది మచ్చల మచ్చలుగా, గోధుమ రంగులో ఉంటుంది, కాకి గూట్లోకి వెళ్లి గుడ్డు పెడుతుంది. మధ్యాహ్నం పూట ఎక్కడో రేకు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు ఆగకుండా ‘టుక్ టుక్’ అని వినిపిస్తే అది కంసాలి పిట్ట. ఆకుపచ్చగా పిడికిలంత ఉంటుంది, నుదుటి మీద ఎర్ర బొట్టు. మా వీధిలో అందరూ ఎవరింట్లోనో పని జరుగుతోందనుకుంటారు. పూలు మొదలయ్యాక అపార్టుమెంట్ల సన్‌షేడ్ల కింద పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. టెన్షన్ పడి పొగ పెట్టించకండి, కింద పిల్లలు రాళ్లు వెయ్యకుండా చూస్తే చాలు. పూలు తగ్గాక చాలావరకు వాటంతట అవే ఖాళీ చేసి పోతాయి.

ఏప్రిల్, మేలలో వచ్చేవి మీ గడువు దాటాకే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బంగారు గొలుసుల్లా వేలాడే రేల, పౌడర్ పఫ్ లాంటి పూలతో దిరిసెన, గుడిమల్కాపూర్ మార్కెట్ నిండా మల్లెలు, చివరగా గుల్‌మొహర్. గుల్‌మొహర్ పువ్వులోని కేసరాల తలలు ఒకదానికొకటి తగిలించి లాగే కోడిపుంజుల ఆట మీరు చిన్నప్పుడు ఆడే ఉంటారు, పాపకు నేర్పండి. అది ప్రాజెక్టుకు కాదు, సెలవులకు.

ప్రాజెక్టు ఎలా చెయ్యాలంటారా. పది చెట్ల ఫోటోలు నెట్‌లోంచి తీసి అంటించకండి. ఇంటికి దగ్గర్లో ఒక్క చెట్టు ఎంచుకోండి, వేప, రావి, కానుగ ఏదైనా. పాప దానికి ఒక పేరు పెట్టుకోనివ్వండి. ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి ఒకే కొమ్మను ఫోటో తీయండి, ఆ రోజు ఆకులు ఎన్ని పాళ్లున్నాయి, మొగ్గ ఉందా, పువ్వు ఉందా, ఏ పిట్ట వచ్చింది అని రెండు లైన్లు రాయించండి. సీజన్‌వాచ్ అని దేశమంతటా పిల్లలు, పెద్దలు ఇలా వారం వారం చెట్లను గమనించి నమోదు చేసే కార్యక్రమం ఒకటి ఉంది, అందులో పాప చెట్టును కూడా చేర్పించొచ్చు. జపాన్‌లో క్యోటో నగరంలో చెర్రీ పూలు ఎప్పుడు విచ్చాయో 9వ శతాబ్దం నుంచి రాతలు దొరుకుతున్నాయి. ఇవాళ వాతావరణం ఎలా మారిందో లెక్కగట్టేవాళ్లకు ఆ తేదీలు పనికొస్తున్నాయి. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండి ఉండదు. నా పాల క్యాలెండర్‌కు అంత సీన్ లేదు గానీ, తేదీ వెయ్యడం మాత్రం మరిచిపోనివ్వకండి.

మీకు నాలుగు ఆదివారాలు కూడా లేవు కాబట్టి ఇలా చేయండి. ఈ ఆదివారం బాదం ఆకు, మసాలా డబ్బాలో మరాటీ మొగ్గ, ఏదైనా బూరుగ చెట్టు. వచ్చే ఆదివారం బొటానికల్ గార్డెన్, దారిలో గులాబీ తబూబియా. మూడో ఆదివారం పొద్దున ఆరింటికల్లా బయల్దేరి అనంతగిరి. ఎండ ఎక్కేలోపు తిరిగి రండి, నీళ్ల సీసాలు, టోపీ మరిచిపోకండి. బూరుగ పువ్వును పుస్తకంలో నొక్కిపెట్టవద్దు, రసం కారి పేజీలు పాడవుతాయి. దాన్ని బొమ్మ గీయించండి. మూడో వారానికి మోదుగ పూర్తిగా విచ్చుకోకపోవచ్చు, ఆ నల్ల మొగ్గలే కనబడితే నిరాశ పడి వెనక్కి రాకండి. మొగ్గల ఫోటో తీసి, కింద తేదీ రాసి, తర్వాతి పేజీ ఖాళీగా వదిలేసి ప్రాజెక్టు ఇచ్చేయమనండి. మార్చి మొదటి వారంలో ఇంకోసారి వెళ్లి ఆ పేజీ నింపుకోవచ్చు. టీచరమ్మ ఖాళీ పేజీ ఎందుకని అడిగితే, పువ్వు ఇంకా రాలేదని చెప్పమనండి.